మోత ఉన్నంతసేపు

పరీక్షల డ్యూటీ ఉన్న రోజు ఫోను గుమాస్తా బల్ల మీద పెట్టి హాల్లోకి వెళ్ళాలి. ఎచ్చెర్లలో నేను పాఠాలు చెప్పే కాలేజీలో అదీ నియమం. ఆ రోజు డ్యూటీ ముగించుకుని వచ్చి ఫోను తీస్తే విశాఖ నుంచి మా మేనకోడలు చేసిన మిస్డ్ కాల్స్ కనిపించాయి. వాటికంటే పైన, మా హామ్ రేడియో వాళ్ళ గ్రూపులో ఎవరో పెట్టిన ఒక్క లైను మెసేజ్ ఉంది. అందులో మా బావ కాల్‌సైన్, అంటే రేడియో మీద ఆయన పేరు, దాని పక్కన ఎస్.కె. అని రెండక్షరాలు. అంతే.

చూడగానే నాకు నవ్వొచ్చింది. బావది శృంగవరపుకోట. అంత పొడుగు పేరు పలికే ఓపిక మా వైపు ఎవరికీ లేదు కాబట్టి లోకానికంతటికీ అది ఎస్.కోట. బావకి ఆ మాత్రం ఓపిక కూడా లేక రేడియో మీద ఎస్.కె. అనేవాడు. మా అక్క పోయిన తర్వాత మేనకోడలు ఆయన్ని తనతో విశాఖ తీసుకుపోయింది. ఆ అపార్టుమెంటులో ఉండలేక, ఇంటికెళ్ళిపోతానని నా దగ్గర ఫోనులో గొణుగుతూనే ఉన్నాడు. అన్నంత పనీ చేశాడన్నమాట, పిల్లకి చెప్పకుండా ఎస్.కోట చేరాడు, అది నా మీద అరవడానికి చేసి ఉంటుంది అనుకున్నాను. పోన్లే, గూటికి చేరాడు అనుకుని క్యాంటీనుకి వెళ్ళి తీరిగ్గా టీ తాగాను. ఆ తర్వాతే తనకి ఫోను చేశాను.

"మావయ్యా, నాన్న..." అంది.

"తెలుసులేవే, గ్రూపులో సూశాను. బస్సుకెళ్ళాడా, రైలుకెళ్ళాడా?" అన్నాను.

 తన భర్త ఫోను తీసుకుని విషయం చెప్పాడు.

రేడియో వాళ్ళ భాషలో ఎస్.కె. అంటే మనిషి పోయాడని. ఆ మనిషి చేతికింద కీ, సందేశాలు కొట్టే ఆ మీట, ఇక మూగబోయిందని చెప్పడానికి ఆ రెండక్షరాలు వాడతారు. నాకూ లైసెన్సు ఉంది, తెలియని సంగతేం కాదు. కానీ మా బావ పేరు పక్కన ఆ అక్షరాలు కనిపిస్తే ఊరు తప్ప ఇంకోటి నాకు తోచదు. తోచకుండా చేసింది కూడా ఆయనే.

విశాఖ వెళ్ళాను. చేయాల్సినవి చేశాను, తిరిగి వచ్చాను. ఏడుపు రాలేదు, ఇప్పటికీ రాలేదు. పన్ను పీకించుకొచ్చిన దవడలాగ ఉంది లోపలంతా. రాస్తే ఏమైనా కదులుతుందేమోనని రాస్తున్నాను. ఎప్పుడు పుట్టాడు, ఏం చదివాడు లాంటివి నన్నడక్కండి, అవి గుర్తు తెచ్చుకోవాలని కూడా లేదు.

బావది మైకుసెట్ల వ్యాపారం. పెళ్ళిళ్ళకి, తీర్థాలకి, ఎన్నికలకి లౌడ్‌స్పీకర్లు అద్దెకిచ్చేవాడు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో జనానికి చెవులు చిల్లులు పడ్డాయంటే అందులో సగం పాపం ఆయనదే. అదే మనిషి తెల్లవారకముందే లేచి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, భూమికి అవతలి పక్కనుంచి వచ్చే ఇసుమంత శబ్దం కోసం ఊపిరి బిగబట్టి కూర్చునేవాడు. "ఊరందరికీ సెవుడు తెప్పించి, ఈయన మటుకు సీమ దగ్గినా ఇంటాడు" అనేది అక్క.

హామ్ రేడియో అంటే మరేం లేదు. ప్రభుత్వం పెట్టే పరీక్ష పాసై, లైసెన్సు తీసుకుని, ఇంట్లో సొంత రేడియో పెట్టుకుని ఎక్కడెక్కడి వాళ్ళతోనో మాట్లాడటం. మాట్లాడటమని పేరే గాని బావ నోరు విప్పింది తక్కువ. అంతా కీ మీద టకటకలే, పాతకాలపు టెలిగ్రాం భాష. అందులోనూ సులువైన దారులు ఆయనకి నచ్చవు. పట్టపగలు కూడా దేశాలు పలికే బ్యాండ్లు ఉన్నాయి. వాటిని "సంతలో బేరాలు" అని తీసిపారేసేవాడు. ఆయనకి కావలసింది అన్నిటికంటే కింద ఉండే నూట అరవై మీటర్ల బ్యాండు. అక్కడ అల చాలా పొడుగు, తీగ పొడుగు, ఓపిక ఇంకా పొడుగు ఉండాలి. పగలంతా ఆ బ్యాండు శవంలా పడి ఉంటుంది. పొద్దు గుంకేటప్పుడు, పొద్దు పొడిచేటప్పుడు లేస్తుంది. ముఖ్యంగా తెల్లారేటప్పుడు, సూర్యుడు కొండ మీదికి ఇంకా రాకముందు, ఎక్కడో చీకట్లో ఉన్న దేశాల నుంచి సన్నటి శబ్దాలు కాసేపు పైకి తేలి, ఎండ పడగానే మునిగిపోతాయి. ఆ కాసేపటి కోసమే ఆయన బతుకంతా.

"అరసవల్లిలో సూర్యుడి గుడి పక్కన ఇల్లు కట్టుకున్నావు, ఒక్కనాడైనా పొద్దు పొడుపు సూశావేట్రా?" అని నన్ను దెప్పేవాడు. నేను ఆయన పోరు పడలేక లైసెన్సు పరీక్ష రాశాను. టకటకల భాష సగం వచ్చింది, సగం రాలేదు. సగం వచ్చినవాడితో ఆయనకి పని లేదు. ఫోనులో ఎవరితో మాట్లాడినా చివర్లో వాళ్ళ గొంతుకి మార్కులు వేసేవాడు, రేడియోలో సిగ్నలుకి వేసినట్టు. నాకెప్పుడూ మంచి మార్కులే. "నువ్వు బాగా ఇనిపిస్తావురా. సెప్పేదే ఏటీ ఉండదు" అనేవాడు.

వినేటప్పుడు నోరు తెరుచుకునేవాడు. నోరు తెరిస్తే చెవి పెరుగుతుందని ఆయన సిద్ధాంతం. ఆ అలవాటు రేడియో దగ్గరే ఆగలేదు. పెళ్ళిచూపుల్లో, పంచాయతీలో, డాక్టరు ముందు, ఎవరేం చెబుతున్నా నోరు తెరుచుకుని కూర్చునేవాడు. తెలియని వాళ్ళు ఇతనికి కొంచెం తక్కువేమో అనుకునేవారు. అవతలివాడు చెప్పడం అయిపోయాక కూడా వెంటనే బదులివ్వడు. కాసేపు ఆగుతాడు. "తొందరపడి పలికితే ఆడి మాట మీద మన మాట పడతాది. ముందు ఇను" అనేవాడు. అక్కకి మాత్రం ఆ ఆగడం చిరాకు. ఉప్పు సరిపోయిందా అని అడిగితే, ఆయన ఆగి బదులు చెప్పేలోపు విస్తరి ఎత్తేసేది.

తీగ గురించి చెప్పాలి. ఇంటి వెనక తాటిచెట్టు నుంచి వీధివైపు నీళ్ళ ట్యాంకు దాకా రేడియోకి ఏరియల్‌గా ఒక తీగ వేలాడేది. అది పైకి కనిపించేది. కనిపించనిది కింద, వాళ్ళ వరిమడిలో ఉండేది. నేలలో కూడా రాగి తీగలు పరిస్తేనే ఆ బ్యాండు పని చేస్తుంది. తడినేల అయితే మరీ మంచిది. "వరికీ నీరే, తీగకీ నీరే, రెంటికీ ఒకటే మడి" అని మురిసిపోయేవాడు. ఏటా దమ్ము ట్రాక్టరు వాటిని తెంపేసేది. నాట్లకొచ్చిన ఆడవాళ్ళ కాళ్ళకి తగిలి మిగతావి పైకి వచ్చేవి. వాళ్ళు చుట్టలు చుట్టి పాతసామాన్ల కొట్టుకి వేస్తే, బావ వెళ్ళి తన తీగ తానే కొనుక్కొచ్చుకునేవాడు. ఒక్కనాడు వాళ్ళని పల్లెత్తు మాటనలేదు.

ఎస్.కె. కథ కూడా చెప్పాలి. కొత్తలో ఆయన ఎవరైనా విదేశం వాడు దొరగ్గానే పేరు పంపి, తర్వాత ఊరు ఎస్.కె. అని పంపేవాడు. ఆ రెండక్షరాలనీ ఒక్క ఊపులో కొడితే, ఇక ముగిస్తున్నాను సెలవు అని కూడా అర్థం. ఇవతల ఈయన ఊరు పేరు చెబుతున్నాననుకుంటే, అవతలివాడు దణ్ణం పెట్టి వెళ్ళిపోయేవాడు. చాలాకాలం ఇదే తంతు. "ఈ పరదేశం ఓల్లకి మర్యాద నేదే, ఊరు పేరు సెప్పగానే పారిపోతన్నారు" అని అక్క దగ్గర బాధపడేవాడు. చివరికి ఒక జపాను ముసలాయన ఓపిగ్గా మళ్ళీ మళ్ళీ పిలిచి, నువ్వు ప్రతిసారీ మధ్యలోనే సెలవంటున్నావేమని అడిగితే గాని సంగతి బోధపడలేదు. దాని రెండో అర్థం, మనిషి పోయాడనేది, తెలిశాక ఇంకా నవ్వాడు. "మన ఊరోలం పుట్టుకతోనే ఎస్.కె.లం రా" అని అందరికీ చెప్పుకున్నాడు. బయటివాళ్ళకి ఆ తర్వాత ఊరు పేరు మార్చి పంపాడు గాని, మా గ్రూపులో మటుకు ఎస్.కె. అంటే బావ ఇంట్లో ఉన్నాడనే.

అక్క బడిలో చదివింది తక్కువ, ఆ టకటకల్లో ఒక్క అక్షరం రాదు. కానీ ఏళ్ళ తరబడి పొయ్యి దగ్గర నిలబడి వాటిని విని విని, అక్షరాలు వదిలేసి మనుషుల్ని పట్టుకుంది. ఒక్కో మనిషి చేతివాటం ఒక్కో రకంగా ఉంటుంది కదా. గంతులేసినట్టు కొట్టే ఒక రష్యావాడు ఆమెకి తొక్కుడుబిళ్ళ. నింపాదిగా కొట్టే ఇటలీవాడు పెళ్ళికొడుకు. బావ హెడ్‌ఫోన్లు తీసి స్పీకరు పెడితే, వంటగదిలోంచే "తొక్కుడుబిళ్ళ వచ్చినాడు" అనేది. ఎన్నడూ తప్పలేదు.

నత్తోడని ఒకడుండేవాడు. బ్రెజిలు దేశంలో సముద్రం పక్కన ఎక్కడో ఉంటాడు. మొదటి అక్షరం దగ్గర చెయ్యి తడబడుతుంది, మాట అందక మళ్ళీ మొదలుపెట్టిన నత్తివాడిలాగ. ఆ కింది బ్యాండు మీద బావకి అన్ని ఖండాల వాళ్ళతోనూ పలకడం అయిపోయి, దక్షిణ అమెరికా ఒక్కటే మిగిలింది. ఆ ఖండం నుంచి ఆ బ్యాండులో మా వైపు వినబడే మనిషి ఆ నత్తోడొక్కడే. చలికాలం ఉదయాల్లో కొద్దిగా వినిపించేవాడు. బావ పిలిచేవాడు, అతనికి వినబడేది కాదు. లేదా అతనికి వినబడిందనుకునేలోపు ఎండ వచ్చేసేది. ఇలా ఎన్నో చలికాలాలు గడిచాయి. "దొరికితే కొబ్బరికాయ కొడతాను" అని అక్క మొక్కుకుంది కూడా. ఏ దేవుడికని నేనడిగితే, "ఎవుడికైతేనేటి, దొరకనీ ముందు" అంది.

కరెంటు పోతే బావకి పండగ. వీధిలో ఉన్న ఫ్రిజ్జులు, చార్జర్లు, లైట్లు అన్నీ కలిసి ఆ బ్యాండు నిండా ఒక హోరు పోస్తాయి. దాన్నాయన మోత అనేవాడు. కరెంటు పోతే మోత పోతుంది. ఊరంతా తిట్టుకుంటూ విసనకర్రలు వెతుక్కుంటుంటే, ఈయన మైకుసెట్టు బ్యాటరీకి రేడియో తగిలించి, మెరిసే కళ్ళతో కూర్చునేవాడు.

తర్వాత అక్కకి ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు వచ్చింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. డాక్టర్లు ఇంట్లోనే ఆక్సిజన్ మిషను పెట్టుకోమన్నారు. గాల్లోంచి ఆక్సిజన్ లాగి గొట్టంలోంచి ముక్కుకి పంపే మిషను అది. అద్దెకి తెచ్చి మధ్యగదిలో, స్టెబిలైజరు తగిలించి పెట్టారు. కరెంటు పోయినప్పటికని ఒక సిలిండరు మూల నిలబెట్టారు. ఇన్వర్టరు ఉంది గాని, ఆ మిషను బరువు మోయలేక కూలబడిపోయేది.

అదే వారంలో బావ రేడియోలో ఎన్నడూ లేనంత మోత మొదలైంది. తొక్కుడుబిళ్ళా లేడు, పెళ్ళికొడుకూ లేడు, ఏమీ లేదు. బావ జేబు ట్రాన్సిస్టరు పట్టుకుని దొంగని వెతికినట్టు వీధి మీద పడ్డాడు. మోత ఎక్కడ పెరిగితే అక్కడుంది దొంగ. ఆ రోజు నేనూ వెంట ఉన్నాను. ఎదురింటావిడ గుమ్మంలో నిలబడి అడ్డుకుంది.

"ఏటి బాబూ, పొద్దున్నే మా ఫ్రిజ్జు మీద పడ్డావు?"

"ఒక్క నిమిషం కట్టు పిన్నీ. సూసి ఎలిపోతాను."

"పాలిరిగిపోతే మీ రేడియో ఇస్తాదేటి?"

అయినా కట్టింది. మోత తగ్గలేదు. పక్కింటి చేపలతొట్టె మోటారు ఆపించాడు, వీధి చివర గుడిలో రంగు లైట్లు ఆర్పించాడు. ఏదీ కాదు. ట్రాన్సిస్టరు పట్టుకుని తిరిగి తిరిగి ఇంటికొచ్చాం. మా గడప దాటగానే అది చెవులు బద్దలయ్యేటట్టు అరిచింది. మధ్యగది దగ్గరికి వెళ్ళేసరికి బావ ట్రాన్సిస్టరు కట్టేశాడు. లోపల అక్క మంచం మీద దిండుకి ఆనుకుని ఉంది, ముక్కుకి గొట్టం.

"దొరికినాడేటి దొంగ?" అంది.

బావ ఎప్పట్లాగే కాసేపు ఆగాడు. "కరెంటు స్తంభం మీద పింగాణీ పగిలింది. మనకి కాదు, లైనుమేను సూసుకోవాల" అన్నాడు.

 ఆయన అవతలికి వెళ్ళాక అక్క నన్ను దగ్గరికి పిలిచి, మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ చెప్పింది. "ఈ మిషనెట్టిన కాణ్ణుంచి... ఒక్కడూ రావట్లేదురా. నాకు తెల్దేటి? పొద్దున్న పూట కాసేపు... నాను సిలిండరు ఎట్టుకుంటాను. మీ బావకి సెప్పు. నత్తోడొచ్చే కాలం ఇది."

చెప్పాను. బావ మైకు సామాన్ల కొట్టులో స్పీకర్ల దుమ్ము దులుపుతున్నాడు. దులపడం ఆపకుండానే అన్నాడు, "సిలిండరు కరెంటు పోయినప్పటికిరా. ఖండాల కోసం కాదు."

ఆ మాట మళ్ళీ ఎత్తనివ్వలేదు. ఆయనలో నాకు అర్థం కాని పని ఒకటి ఆ తర్వాత చూశాను. ఆ జేబు ట్రాన్సిస్టరు ఇక చొక్కా జేబులోంచి దిగలేదు. మడిలోకెళ్ళినా, సామాన్ల కొట్టులో ఉన్నా అది చిన్నగా హోరుమంటూనే ఉండేది. పాటలు రావు, వార్తలు రావు, ఒట్టి మోత. ఎందుకు బావా ఈ రంపపుకోత అని విసుక్కుంటే చెప్పాడు. కరెంటు పోతే ఆ మిషను చిన్న కూత కూసి ఊరుకుంటుంది, అది మడిలోకి వినబడదు. ట్రాన్సిస్టరులో మోత వస్తున్నంతసేపూ మిషను తిరుగుతున్నట్టే, అక్కకి గాలి అందుతున్నట్టే. మోత ఆగితే పరిగెత్తాలి. అలా పరిగెత్తడం నేను చాలాసార్లు చూశాను. బురదకాళ్ళతో, పంచె ఎగ్గట్టుకుని, గట్టు మీంచి గట్టు మీదికి. తిట్టుకున్న మోతనే జేబులో పెట్టుకుని తిరిగాడాయన.

ఆ చలికాలంలో ఒక ఉదయం నేను అక్కడే ఉన్నాను. ఇంకా ఎండ రాలేదు. బావ అలవాటు కొద్దీ రేడియో పెట్టాడు, స్పీకరు మీద. హోరు తప్ప ఏం లేదు. ఆ హోరు వింటూ టీ తాగుతున్నాడు. ఉన్నట్టుండి కరెంటు పోయింది. మిషను కూత కూసింది. హోరు తెగిపోయింది. బావ గ్లాసు వదిలేసి మధ్యగదిలోకి పరిగెత్తాడు, నేను వెనకాలే. సిలిండరు మర బిగుసుకుపోయి గాలి సరిగ్గా రావట్లేదు. దాన్నొక చేత్తో నొక్కిపట్టి తిప్పితే వస్తోంది, వదిలితే ఆగుతోంది. బావ అలా నొక్కిపట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రెండో చేత్తో గొట్టం సర్దాడు.

అప్పుడు ముందుగదిలోంచి వినబడింది. బ్యాటరీ మీద ఉన్న రేడియో అది. సన్నగా, మొదటి అక్షరం దగ్గర తడబడుతూ. నాకే తెలిసిపోయింది.

"నత్తోడు" అంది అక్క. "ఎల్లు."

బావ కదల్లేదు.

"ఎల్లెహె. తమ్ముడు పట్టుకుంటాడు."

"ఆడికి రాదే" అన్నాడు బావ.

నిజమే, నాకు రాదు. కానీ చూపిస్తే వచ్చేది. ఇలా నొక్కరా అని ఒక్కమాటంటే నొక్కేవాణ్ణి. నేను చెయ్యి పెట్టబోతే భుజంతో నెట్టేశాడు. అక్క తన చేత్తో ఆయన చేతిని తోసింది, బలం లేక ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది. అవతల ఆ బ్రెజిలు మనిషి పిలిచాడు, ఆగాడు, మళ్ళీ పిలిచాడు. అంత స్పష్టంగా ఎప్పుడూ రాలేదు. కిటికీ మీద ఎండ పడ్డాక కూడా కాసేపు వినిపించి, పల్చబడి పోయాడు. బావ నోరు తెరుచుకునే ఉంది. చూపు మాత్రం అక్క ముక్కు దగ్గర గొట్టం మీద ఉంది. నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది. ఎందుకో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

కరెంటు వచ్చాక మిషను మొదలైంది, ముందుగదిలో హోరు మొదలైంది. "మళ్ళా వస్తాడులే బావా" అన్నాను. "వస్తాడు. సలికాలం ఇంకా ఉన్నాది కదా" అన్నాడు.

చలికాలం ఉంది గాని అక్క లేదు. ఆ చలికాలం వెళ్ళకముందే పోయింది. పెద్దకర్మ అయిన రోజున మిషను వాళ్ళు వచ్చి వాళ్ళ సరుకు వాళ్ళు పట్టుకుపోయారు. మంచం బయట పెట్టేశారు. చుట్టాలు వెళ్ళిపోయారు. మేనకోడలు కూడా పిల్లల పరీక్షలని వెళ్ళి, మళ్ళీ వస్తానంది. నేను ఉండిపోయాను.

మర్నాడు ఉదయం బావ రేడియో పెట్టిన చప్పుడుకి లేచాను. స్పీకరులో మోత లేదు. కరెంటు ఉంది, ఫ్యాను తిరుగుతోంది, అయినా వీధి సన్నహోరు తప్ప ఆ పెద్ద మోత లేదు. కరెంటు ఉండగా అంత శుభ్రమైన బ్యాండు నేను ఆ ఇంట్లో ఎన్నడూ వినలేదు. బావ ఒక్క ఉదుటున లేచి మధ్యగదిలోకి పరిగెత్తాడు. సిలిండరు ఉండే మూలకి వెళ్ళి చెయ్యి చాపాడు. అక్కడేం లేదు. ఆ చెయ్యి అలాగే ఉంచుకుని నిలబడ్డాడు.

"బావా" అన్నాను. 

ముందుగదిలోంచి నత్తోడు పిలుస్తున్నాడు. ఈసారి గట్టిగా, పక్క వీధిలోంచి పిలిచినట్టు. బావ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కీ ఆయన చేతి దగ్గరికి జరిపాను. ఆ క్షణంలో ఆయన పలకాలని నాకెంత కోరికగా ఉందో చెప్పలేను. ఆ ఇంటికి ఏదో ఒకటి దక్కాలి కదా అనిపించింది. అతను పిలవడం ఆపి, బదులు కోసం ఆగాడు. బావ చెయ్యి కీ పక్కనే ఉంది. అతను మళ్ళీ పిలిచాడు.

"ఇంత సుబ్బరంగా ఇనిపిస్తంటే గుండెదడగా ఉన్నాదిరా" అన్నాడు బావ. రేడియో కట్టేశాడు.

తర్వాత, "ఆ మిషనోడి నంబరు నీకాడ ఉన్నాదేటి?" అని అడిగాడు. వాళ్ళది ఏదో సామాను ఇక్కడ ఉండిపోయిందేమో అనుకుని ఇచ్చాను. సాయంత్రానికి ఆటోలో ఆ మిషను మళ్ళీ వచ్చింది.

"నీకేటి బావా, ఆయాసంగా ఉందా? డాక్టరు కాడికి ఎల్దామా?" అన్నాను.

 బావ దాన్ని మధ్యగదిలో ఇంతకుముందున్న చోటే పెట్టాడు. స్టెబిలైజరు తగిలించాడు. గొట్టాన్ని చుట్ట చుట్టి మేకుకి వేలాడేశాడు. తర్వాత కొన్నాళ్ళకి మేనకోడలు వచ్చి, మనిషి లేని గదిలో తిరుగుతున్న ఆ మిషను చూసి, చూస్తూ ఊరుకున్నందుకు నన్ను నాలుగు తిట్టి, ఆయన్ని విశాఖ తీసుకుపోయింది. ఆ పిల్ల తప్పు లేదు, ఎవరైనా అదే చేస్తారు.

మిషను తెచ్చిన మర్నాడు ఉదయం నేను లేచేసరికి ఇల్లంతా హోరుగా ఉంది. మధ్యగదిలో మిషను తిరుగుతోంది, ముందుగదిలో స్పీకరు నిండా మోత. బావ కీ ఎక్కడో పక్కకి నెట్టేసి, కుర్చీ గోడకి జరుపుకుని కూర్చున్నాడు. నాకు ఒళ్ళు మండింది. నత్తోడు వచ్చే వేళ అది, ఆ మోత కింద ఎక్కడో పిలుస్తూనే ఉండి ఉంటాడు. ఇన్నేళ్ళు ఎదురుచూసింది ఇందుకా అనుకుని, మధ్యగదిలోకి వెళ్ళి మిషను స్విచ్చి మీద చెయ్యి వేశాను.

"ఉండనీరా" అన్నాడు బావ, కూర్చున్న చోటినుంచే. "కాసేపు ఉండనీ."

తలుపులోంచి చూశాను. ఆయన తల గోడకి ఆనించి కళ్ళు మూసుకుని ఉన్నాడు. అక్క మంచాన పడ్డప్పటి నుంచీ ఆయన కుదురుగా కళ్ళు మూసుకోవడం నేను చూడలేదు. ఊపిరి నెమ్మదిగా వస్తోంది, నిద్ర పడుతోంది. నేను స్విచ్చి మీంచి చెయ్యి తీసేసి, చప్పుడు కాకుండా వచ్చి ఆయన పక్కన కూర్చున్నాను.